అప్‌డేట్: బాబుకి స్టెరాయిడ్ పనిచేసింది

రెండు నెలల క్రితం అడిగాను కదా, మా 4 ఏళ్ల బాబుకి నెఫ్రోటిక్ సిండ్రోమ్ (కిడ్నీల నుంచి ప్రోటీన్ మూత్రంలోకి పోయే జబ్బు) అన్నారు, ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మొదలుపెట్టి వారమైనా మూత్రంలో ప్రోటీన్ 3 ప్లస్సే (అంటే చాలా ఎక్కువ) వస్తోంది, ఇక మందు పనిచేయనట్టేనా అని. తొందరపడ్డాను. 11వ రోజు 1 ప్లస్‌కి దిగింది, 13వ రోజు నుంచి వరుసగా మూడు రోజులు నిల్! అలా మూడు రోజులు నిల్ గానీ ట్రేస్ (లేశమాత్రం) గానీ వస్తేనే రెమిషన్, అంటే జబ్బు అదుపులోకి వచ్చినట్టు, అంటారట. ఎక్కువమంది పిల్లలకి 4 వారాల్లోపే తగ్గుతుందని, 6 వారాలకీ తగ్గకపోతే స్టెరాయిడ్‌కి లొంగని రకమనుకుని బయాప్సీ (కిడ్నీ నుంచి చిన్న ముక్క తీసి చూడటం), జన్యు పరీక్షల దాకా వెళ్తారని డాక్టరుగారు చెప్పారు.

కళ్ల వాపు పోయింది, ఇప్పుడు బుగ్గలు ఉబ్బాయి. అది మందు వల్లే. ఆకలి సంగతి అడగొద్దు, అర్ధరాత్రి లేచి తినడానికి పెట్టమంటున్నాడు. చిరాకూ ఎక్కువే.

ఆరు వారాలు రోజూ వేశాం, ఇప్పుడు డోసు తగ్గించి రోజు విడిచి రోజు. మనంతట మనం ఆపకూడదన్నారు. లైవ్ టీకాలు (బలహీనపరిచిన బతికున్న క్రిములతో చేసేవి) ప్రస్తుతానికి వాయిదా. పొద్దున్నే మూత్రంలో ప్రోటీన్ చూసే స్ట్రిప్‌తో చూసి డైరీలో రాస్తున్నాను. వరుసగా మూడు రోజులు 3 ప్లస్ వస్తే తిరగబెట్టినట్టు. మొన్న జలుబు చేసినప్పుడు 1 ప్లస్ చూసి ఒకటే టెన్షన్, మర్నాటికి ట్రేస్‌కి వచ్చేసింది.