మామిడి వాసన గ్రీన్ టీ: నాకే చేదా, అందరికీ ఇంతేనా?

దేవరకొండ రోడ్డు:
షుగర్ బార్డర్‌లో ఉందని పాల చాయ్ తగ్గించమన్నారు. నల్గొండ క్లాక్ టవర్ దగ్గర మామిడి ఫ్లేవర్ గ్రీన్ టీ తెచ్చాను, 25 బ్యాగులు. డబ్బా తెరిస్తే గాలివానకు రాలిన కాయలు ఏరుతున్నట్టే వాసన. నోట్లో పోసుకుంటే వేపాకు కషాయం. ఏ పండుది బాగుంటుంది? రోజుకు ఎన్ని కప్పులు? రాత్రి తాగొచ్చా?

పాలమూరు చాయ్‌వాలా:
అన్నా, సలసల మరిగే నీళ్లు పోశావు కదా? పదకొండేళ్లు హోటల్లో డికాషన్ పెట్టాను, ఆకు సంగతి నాకు తెలుసు. నల్ల చాయ్, గ్రీన్ టీ ఒకే మొక్క ఆకులే. కోయగానే వేడి తగిలించి ఆకు నల్లబడకుండా ఆపితే గ్రీన్ టీ. దీనికి 80 డిగ్రీలు చాలు. పొయ్యి ఆపి మూత తీసి నాలుగైదు నిమిషాలు వదిలెయ్. బ్యాగ్ రెండు నిమిషాలే ఉంచు. తీసేటప్పుడు స్పూనుతో పిండకు, చేదంతా ఆ చివరి చుక్కల్లోనే దిగుతుంది.

బత్తాయి తోట:
డబ్బా వెనక చిన్న అక్షరాలు చదవండి. ‘ఫ్లేవర్’ అని ఉంటుంది తప్ప చాలా వాటిలో పండు ముక్క ఉండదు. ఇక్కడ మా కాయలకు రేటు లేక కోత కూలీ కూడా రావడం లేదు, అక్కడ పండు వాసన అమ్ముకుంటున్నారు. కడుపు మండుతుంది. మామూలు గ్రీన్ టీ కొనండి. బత్తాయి బాగా కడిగి, పైన పచ్చటి తొక్క మాత్రం సన్నగా గీరి చిటికెడు వేయండి. నూనె తిత్తులు అక్కడే ఉంటాయి. కింది తెల్ల పొర పడితే మళ్లీ చేదే. రసం పిండి ఉంచకండి, కాసేపటికే చేదెక్కుతుంది.

మర్రిగూడ బిడ్డ:
అందరూ ఆకు గురించే చెబుతున్నారు, ఏ నీళ్లతో పెట్టారని ఎవరూ అడగరేం? బోరు నీళ్లా? వాటిలోని ఫ్లోరైడ్‌తోనే మా అమ్మకు 45 ఏళ్లకే మోకాళ్లు వంగిపోయాయి. తేయాకు మొక్క నేలలోని ఫ్లోరైడ్‌ను ఆకుల్లో దాచుకుంటుంది, ముదురాకులో ఇంకా ఎక్కువ. మన బోరు నీళ్లకు అది కూడా తోడైతే?

పాలమూరు చాయ్‌వాలా:
బాగా మరిగిస్తే పోతుంది కదా అక్కా.

మర్రిగూడ బిడ్డ:
పోదు! మరిగిస్తే పురుగులు చస్తాయి, ఫ్లోరైడ్ చావదు. నీళ్లు ఆవిరై మిగిలినదాంట్లో ఇంకా చిక్కబడుతుంది. పదకొండేళ్లు చాయ్ పెట్టి కూడా ఇలా చెబితే వినేవాళ్లు నమ్మరా? లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగకూడదు. మా చిన్నప్పుడు అంతకు ఎన్నో రెట్లున్న నీళ్లు తాగి పెరిగాం.

సాగర్ కాలువ:
మిషన్ భగీరథ కింద కృష్ణా నీళ్లు వస్తున్నాయి. ఇంకా నల్గొండ అనగానే ఫ్లోరైడ్ అంటే ఎట్లా? మా చెల్లెలి సంబంధం ఈ ఒక్క మాటకే తప్పిపోయింది.

మర్రిగూడ బిడ్డ:
తమ్ముడూ, నీ బాధ నాకు తెలుసు, మా ఇంట్లోనూ జరిగింది. కానీ నల్లా రాని రోజు జనం బోరు దగ్గరికే పోతున్నారు. నేను పరువు గురించి కాదు, బిందె గురించి మాట్లాడుతున్నా.

రిటైర్డ్ సైన్స్ సార్:
పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ ‘నీరి’ మన ఊరి పేరే పెట్టింది, నల్గొండ టెక్నిక్ అని. ఇంట్లో కొలత లేకుండా పటిక వేయకండి. నీళ్లు పరీక్ష చేయించుకోండి.

మిర్యాలగూడ కోడలు:
అన్నం తినగానే తాగకండి. మా పాపకు రక్తం తక్కువని మాత్రలు వాడుతుంటే, ఈ టీ వల్ల తిండిలోని ఐరన్ సరిగా ఒంటికి పట్టదని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. గంటన్నర ఆగుతున్నాం.

బాలానగర్ పండు:
మా సీతాఫలం రుచిలో ఒక్క కంపెనీ అయినా టీ చేసిందా? పీచ్ పండు టీ అట! మన దగ్గర ఆ పండు చూసినవాళ్లు ఎందరు?

బత్తాయి తోట:
సీతాఫలం గుజ్జు టీలో ఏం కలుస్తుంది? పాలలో కలిపి తాగండి.

దేవరకొండ రోడ్డు:
ఇవాళ నల్లా నీళ్లతో, చల్లార్చి, రెండు నిమిషాలే ఉంచాను. రంగు లేత గడ్డి రంగు. చేదు చాలా తగ్గింది. మామిడి మాత్రం ముక్కు దాకే వచ్చింది, నాలుక మీద లేదు. రెండో కప్పులో బత్తాయి తొక్క గీరి వేశాను. మింగాక కూడా గొంతులో ఆ వాసన నిలిచింది. మా ఆవిడ మిగతా సగం తాగేసింది. బోరు నీళ్లు రేపే పరీక్షకు ఇస్తాను అక్కా. రాత్రి సంగతి ఎవరూ చెప్పలేదు.

మిర్యాలగూడ కోడలు:
చీకటి పడ్డాక వద్దన్నా. దీంట్లోనూ కెఫీన్ ఉంటుంది, నాకైతే రెండింటి దాకా నిద్ర పట్టలేదు.