జబ్బ సరిచేస్తూ బోధ చేసిన డాక్టరు: జాన్ థామస్ చేసింది సబబేనా?

పాతగుమాస్తా: ఇంగ్లీషు మిషనరీ విలియం కేరీ పేరు అందరికీ తెలుసు గానీ, బెంగాల్‌కి ఆయనకంటే ముందొచ్చిన బాప్టిస్టు జాన్ థామస్. ఈస్టిండియా కంపెనీ ఓడలో సర్జన్‌గా ఉండి ప్రచారకుడిగా మారినాయన. 1800 నవంబరులో, కలకత్తా దగ్గర అప్పట్లో డేన్ల ఏలుబడిలో ఉన్న సేరంపూర్‌లో కృష్ణపాల్ అనే వడ్రంగి జారిపడి జబ్బ కీలు తప్పితే, థామస్ అతన్ని చెట్టుకి కట్టి కీలు సర్దాడు. ఆ వెంటనే పాపం, రక్షణ అని మొదలుపెట్టాడు. డిసెంబరు 28న బాప్తిస్మం! నొప్పితో మూలిగేవాడికి బోధ చేయడం నాకైతే న్యాయంగా లేదు.

గోదారిగట్టు: గుమాస్తా గారూ, కృష్ణపాల్ ఏమీ ఎరగని మనిషి కాదు. అప్పటికే కర్తాభజా అనే బెంగాలీ భక్తి శాఖలో తిరిగినవాడు, అంటే వెతుకులాట ముందునుంచీ ఉంది. పైగా డిసెంబరు 22న మిషనరీలతో కలిసి భోంచేశాడని తెలిసి జనం ఎగబడి డేనిష్ మేజిస్ట్రేటు దగ్గరికి ఈడ్చుకుపోయారు. కీలు సర్దిన రుణం తీర్చుకోవాలంటే ఓ కుర్చీ చేసిచ్చేవాడు, కులం పోగొట్టుకుంటాడా?

పాతగుమాస్తా: కుర్చీ మాట బాగుంది. మరి అతనితోపాటే భోంచేసిన గోకుల్ బాప్తిస్మం వేళకి వెనక్కి తగ్గాడుగా? అతనికి జబ్బ తప్పలేదు మరి!

అర్ధరాత్రి_చదువరి: మీరిద్దరూ థామస్‌ని లెక్కలేసుకునే మనిషిలా మాట్లాడుతున్నారు. ఆయనకి లెక్కలే రావండీ, ఒళ్లంతా అప్పులు. 1793లో కేరీ కుటుంబంతో బయల్దేరితే అప్పులవాళ్ల గొడవ ఒకటి, కంపెనీ అనుమతి లేకపోవడం ఒకటి, ఓడ దిగాల్సొచ్చి చివరికి డేనిష్ ఓడలో వచ్చారు. తర్వాత బెంగాల్ పల్లెల్లో నీలిమందు ఫ్యాక్టరీ చూసుకుంటూ బోధ. పదేళ్లకు పైగా ఎదురుచూసిన మనిషి, తీరా ఆ మొదటి బాప్తిస్మం నాటికి సంతోషం తట్టుకోలేక మతి చలించింది. కేరీ ఒక పక్క కొడుకు ఫెలిక్స్, ఇంకో పక్క కృష్ణపాల్‌తో నదికి నడుస్తుంటే థామస్ ఇంట్లో మంచం మీద కేకలు, ఇంకో గదిలో కేరీ భార్య డొరొతీ అరుపులు. మరుసటి ఏడాది అక్టోబరులో దినాజ్‌పూర్‌లో పోయాడు. ఇలాంటాయన వల పన్నాడంటే నేను నమ్మను.

ఒంగోలోడు: ఉద్దేశం మంచిదైతే సరిపోదు అన్నా. మా ఒంగోల్లో క్లౌ దొర అని అమెరికన్ బాప్టిస్టు మిషనరీ ఉండేవాడు, డాక్టరు కాదులే. 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ మూడున్నర మైళ్లు కాంట్రాక్టు పట్టి జనానికి కూలి ఇప్పించాడు. కూటికోసం చేరతారేమోనని కరువు పనులు నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. మళ్లీ మొదలుపెట్టాక 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. ఆ మాత్రం ఎడం థామస్ ఎందుకు పాటించలేదు?

గోదారిగట్టు: ఆగినంత మాత్రాన కూలి ఇచ్చిన చెయ్యి ఎవరిదో జనం మర్చిపోతారా? అదీ సాయం తర్వాతి మతమే కదా. నాకు కనిపించే తేడా ఒక్కటే, తర్వాత ఏమైందనేది. కృష్ణపాల్ 1822లో చనిపోయేదాకా ప్రచారకుడిగానే ఉన్నాడు. జబ్బ నొప్పి ఇరవై ఏళ్లు ఉంటుందా?

పాతగుమాస్తా: ఉండదు, ఒప్పుకుంటా. అతను నిజంగా నమ్మాడనే అనుకుంటున్నా. నా గొడవ కృష్ణపాల్‌తో కాదండీ, రోగి చెయ్యి ఇంకా తన చేతిలో ఉండగానే నోరు ఆపుకోలేని డాక్టరుతో.