కొత్త రీఫ్ ట్యాంకులో గోధుమ రంగు జిగురు: ఇవి డయాటమ్సేనా?

నురగఅల:
అందరికీ నమస్తే. కోరల్స్ పెంచే ఉప్పునీటి రీఫ్ ట్యాంక్ పెట్టి రెండు నెలలు దాటింది. సుమారు 250 లీటర్లు, కింద సంప్ (ఫిల్టర్లు పెట్టే రెండో తొట్టి), స్కిమ్మర్ (నురగతో మురికి తీసే పరికరం) ఉన్నాయి. రాళ్ళన్నీ డ్రై రాకే (జీవులు లేని ఎండు రాయి), లైవ్ రాక్ (సముద్ర జీవులున్న రాయి) ఒక్క ముక్క కూడా వేయలేదు. సైకిల్ (అమ్మోనియాను మార్చే బ్యాక్టీరియా స్థిరపడే దశ) అయిపోయింది, అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా. మొదట్లో ఇసుక మీద గోధుమ రంగు పొడి పరుచుకుంది, కొన్నాళ్ళకు దానంతట అదే పోయింది, హమ్మయ్య అనుకున్నా. ఇప్పుడు మళ్ళీ గోధుమ రంగే, కానీ ఈసారి పొడి కాదు, చీమిడిలా సాగుతోంది. రాళ్ళ అంచుల నుంచి దారాలు దారాలుగా వేలాడుతూ, ఒక్కో దారం కొసన ఒక గాలి బుడగ. సైఫన్‌తో లాగేస్తే మర్నాటికి మళ్ళీ రెడీ. వెనక రాళ్ళ మీద పచ్చటి పీచు కూడా కొంచెం మొదలైంది. నత్తలు వెల్లకిలా పడి ఉంటున్నాయి, కొన్ని చచ్చిపోయాయి కూడా.

విచిత్రం ఏంటంటే నైట్రేట్ 0, ఫాస్ఫేట్ 0. తిండే లేనప్పుడు ఇది ఎలా బతుకుతోంది? జీఎఫ్ఓ రియాక్టర్ (ఫాస్ఫేట్‌ను లాగేసే ఐరన్ ఆక్సైడ్ ఫిల్టర్) నడుస్తోంది, ప్రతివారం 20 శాతం నీళ్ళు మారుస్తున్నా, చేపలకు మేత కూడా తగ్గించా. ఉన్నవి రెండు క్లౌన్ ఫిష్, జొయాంథిడ్స్ అనే చిన్న కోరల్స్ కొన్ని, ఒక లెదర్ కోరల్. లైట్ 10 గంటలు. ఏం చేయాలో చెప్పండి, బాగా టెన్షన్‌గా ఉంది.

నీలిరాయి:
డయాటమ్సే (గోధుమ రంగు ఏకకణ ఆల్గే) బ్రో, కొత్త ట్యాంక్ అన్నాక తప్పదు. నీళ్ళలో, ఇసుకలో ఉన్న సిలికేట్ తిని పెరుగుతాయి, అది అయిపోగానే పోతాయి. ఏమీ చేయకుండా వదిలేయండి. అందరం ఈ దశ దాటిన వాళ్ళమే.

పాతకాపు:
ఆగండాగండి. మొదట వచ్చి పోయిన పొడి డయాటమ్స్ అంటే ఒప్పుకుంటా. ఇప్పుడున్నది అది కాదు. డయాటమ్స్ వేలితో రుద్దితే దుమ్ములా లేస్తాయి, దారాలుగా సాగవు, నత్తల్ని చంపవు. సాగే జిగురు, కొసన బుడగ, నత్తల చావు, పైగా నైట్రేట్ ఫాస్ఫేట్ రెండూ సున్నా. ఈ నాలుగూ ఒకేచోట కనబడితే నాకు ముందు డైనోఫ్లాజెలేట్లే (డైనోలు, ఒక రకం ఏకకణ జీవులు) గుర్తొస్తాయి.

నురగఅల గారూ, రెండు సంగతులు చూసి చెప్పండి. పొద్దున లైట్లు వెలగకముందు ఇసుక ఎలా ఉంది, రాత్రి లైట్లు ఆరే ముందు ఎలా ఉంది? రెండోది, ఆ జిగురు కొంచెం ట్యాంక్ నీటితో సహా చిన్న సీసాలోకి తీసి, మూత బిగించి, ముద్ద మొత్తం విడిపోయేదాకా గట్టిగా ఊపండి. కాఫీ ఫిల్టర్ కాగితంలోంచి వడగట్టి, దిగిన నీళ్ళను గ్లాసులో పోసి ట్యాంక్ లైటు కింద గంటసేపు పెట్టండి. నీళ్ళు అలాగే ఉంటే వేరే ఏదో. మళ్ళీ కూడుకుని దారం కడితే డైనోలే.

ఒక జాగ్రత్త. డైనోల్లో కొన్ని రకాలు విషం వదులుతాయి, మీ జొయాంథిడ్స్‌లో కూడా పాలీటాక్సిన్ అనే విషం ఉండొచ్చు. చేతులు పెట్టేటప్పుడు గ్లవ్స్ వేసుకోండి, రాళ్ళు తోమేటప్పుడు కళ్ళద్దాలు కూడా. వేడినీళ్ళతో రాళ్ళు కడగడం లాంటి పని అస్సలు వద్దు, ఆ ఆవిరి పీల్చి ఆస్పత్రి పాలైన వాళ్ళున్నారు.

ఉప్పుకల్లు:
నాకైతే సయానో (సయానోబ్యాక్టీరియా) అనిపిస్తోంది. నా ట్యాంకులోనూ బుడగలతోనే వచ్చింది. మూడు రోజులు లైట్లు ఆపి, ట్యాంక్ చుట్టూ నల్లటి గుడ్డ కప్పేశా, శుభ్రంగా పోయింది.

పాతకాపు:
సయానో అయితే దుప్పటి పరిచినట్టు పొరగా వస్తుందండీ, ఎక్కువగా ముదురు ఎరుపు రంగులో. ఒక మూల పట్టుకుని లాగితే పొర పొరంతా లేచి వస్తుంది. అసలది ఆల్గే కూడా కాదు, బ్యాక్టీరియా. అందుకే దానికి యాంటీబయాటిక్ మందులు పనిచేస్తాయి. ఆ మందు వేస్తే ఆక్సిజన్ పడిపోయే ప్రమాదం ఉంది కాబట్టి ఎయిర్ స్టోన్ తప్పనిసరి. ఉన్నవి డైనోలని తెలియక ఆ మందు వేస్తే సయానో పోయి, ఖాళీ అయిన చోటును కూడా డైనోలే ఆక్రమిస్తాయి. పేరు తెలియకుండా మందు జోలికి పోవద్దు.

నురగఅల:
చూశాను. పొద్దున లైట్లు వేయకముందు ఇసుక దాదాపు తెల్లగా ఉంది! మధ్యాహ్నానికి మరకలు, సాయంత్రానికి మళ్ళీ మామూలే. గ్లాసు పరీక్ష కూడా చేశా. వడగట్టినప్పుడు నీళ్ళు కొంచెం టీ రంగులో ఉన్నాయంతే. గంట తర్వాత చూస్తే అడుగున గోధుమ రంగు దారం ఒకటి, దాని చుట్టూ నూగులా ఇంకొన్ని. చూస్తుంటే ఒళ్ళు జలదరించింది.

పాతకాపు:
ఇక అనుమానం లేదు. ముందు జీఎఫ్ఓ తీసేయండి. నీళ్ళు మార్చడం కొన్నాళ్ళు ఆపండి. మేత మామూలుగా పెట్టండి. అయినా నైట్రేట్ పెరగకపోతే సోడియం నైట్రేట్ ద్రావణం, ఫాస్ఫేట్ ద్రావణం విడిగా కొద్దికొద్దిగా వేయండి. నైట్రేట్ 5 నుంచి 10 పీపీఎం, ఫాస్ఫేట్ 0.05 నుంచి 0.1 మధ్య నిలబడాలి. డ్రై రాక్ మొదట్లో ఫాస్ఫేట్‌ను పీల్చేసుకుంటుంది, పొద్దున వేసింది సాయంత్రానికి కిట్‌లో కనబడదు. కంగారుపడి ఒకేసారి ఎక్కువ పోయొద్దు, రోజూ టెస్ట్ చేసి ఎంత పడిపోయిందో అంతే వేయండి.

నీలిరాయి:
నాచు పట్టిన ట్యాంకులో ఎరువు వేయమంటారా సార్? నేనైతే వేయను.

పాతకాపు:
మీరన్న సూత్రం హెయిర్ ఆల్గేకి (పచ్చ పీచుకి) సరిపోతుంది. ఇక్కడ కథ వేరు. డ్రై రాక్‌తో మొదలైన ట్యాంకులో రాళ్ళ మీద చోటంతా ఖాళీగా ఉంటుంది. అక్కడ స్థిరపడాల్సిన బ్యాక్టీరియా, పచ్చ పొర, గట్టి ఊదా పొరలా పెరిగే కోరలైన్ ఆల్గే అన్నిటికీ నైట్రేట్, ఫాస్ఫేట్ కావాలి. రెండూ సున్నా చేస్తే అవన్నీ ఆకలితో ఆగిపోతాయి. డైనోలు ఆ కరువులోనూ బతుకుతాయి, వాటిలో చాలా రకాలు వెలుతురు మీదే కాదు, బ్యాక్టీరియాను తిని కూడా నెట్టుకొస్తాయి. మనం వేసేది డైనోల కోసం కాదు, వాటితో పోటీకి నిలబడే వాటి కోసం.

లెక్కలగుల్ల:
రెడ్‌ఫీల్డ్ నిష్పత్తి 16:1 పాటించాలంటారు కదా? నైట్రేట్ 16 ఉంటే ఫాస్ఫేట్ 1 ఉండాలన్నమాట?

పాతకాపు:
అమ్మో, అలా వేస్తే అంతే సంగతులు. రెడ్‌ఫీల్డ్ అనే శాస్త్రవేత్త సముద్రపు ప్లవకాల మీద చెప్పిన లెక్క అది, నైట్రోజన్, ఫాస్ఫరస్ పరమాణువుల సంఖ్యలో. మన కిట్లు చూపేది నైట్రేట్, ఫాస్ఫేట్ బరువు, అలా చూస్తే దాదాపు 10:1 అవుతుంది. నా ఉద్దేశంలో ట్యాంకులో ఆ నిష్పత్తి కోసం వెంటపడటం దండగ. రెండూ సున్నా కాకుండా, రోజుకో రకంగా ఊగకుండా ఉంటే చాలు.

పచ్చపీచు:
వెనక రాళ్ళ మీద పీచు సంగతి ఎవరూ మాట్లాడట్లేదు కాబట్టి నేను చెప్తా, దాంతో నాకున్నంత అనుభవం ఇక్కడ ఎవరికీ ఉండదేమో. కిట్ 0.02 చూపిస్తుంటే ఫాస్ఫేట్ లేదనుకోకండి. కిట్ చూపేది నీళ్ళలో మిగిలింది, పీచు మింగేసింది కాదు. రాళ్ళలో పాత ఫాస్ఫేట్ ఉంటే కిందనుంచి ఊరుతూ పీచుకు నేరుగా అందుతుంది, నీళ్ళదాకా రానే రాదు.

నాకు పనిచేసింది చేత్తో పీకడమే. సన్నటి గొట్టం పక్కన టూత్‌బ్రష్ కట్టి, రుద్దింది రుద్దినట్టు బయటికి పోయేలా సైఫన్ పెట్టాలి. ట్యాంకులోనే తోమి వదిలితే తెగిన ముక్కలు మూలమూలకూ చేరతాయి. కదిలే రాళ్ళయితే బకెట్లో ట్యాంక్ నీళ్ళు తీసుకుని అందులో పీకండి. పొట్టిగా కత్తిరించాక టర్బో నత్తలు, ఒక టక్సీడో అర్చిన్ చూసుకుంటాయి. పొడుగు పీచును అవి ముట్టవు, అందుకే నత్తలు వేసినా తగ్గలేదని అందరూ ఏడుస్తారు. పీచును దగ్గర్నుంచి చూడండి, ఈకలా రెండు వైపులా కొమ్మలుంటే అది బ్రయాప్సిస్, నత్తలు తినవు. దానికి ఫ్లూకోనజోల్ వాడతారు, ఆ కథ వేరు.

కానీ మీ ట్యాంకులో ఇప్పుడు మాత్రం ఆ పచ్చ పీచును పూర్తిగా పీకకండి. డైనోలకు పోటీ అదే.

నురగఅల:
పీచును చూసి ఇన్నాళ్ళూ భయపడ్డా, ఇప్పుడు దాన్నే కాపాడుకోమంటున్నారు 😄

వడపోత:
నీళ్ళు ఎక్కడివో చెప్పలేదు మీరు. ఆర్‌ఓ ఫిల్టర్ తర్వాత డీఐ (మిగిలిన లవణాలను పట్టే రెసిన్) ఉందా? టీడీఎస్ మీటర్ 0 చూపించినా నిశ్చింతగా ఉండకండి, సిలికా దానికి సరిగా దొరకదు. డీఐ రెసిన్ అరిగిపోవడం మొదలైతే ముందు జారిపోయేది సిలికానే. మొదటి డయాటమ్స్ అంత బాగా పెరిగాయంటే కారణం అదే కావచ్చు.

పాతకాపు:
మంచి మాట. కాకపోతే డైనోలున్న వాళ్ళు కొందరు కావాలనే సిలికేట్ వేసి డయాటమ్స్‌ను పెంచుతారు, ఇసుకను అవి ఆక్రమించుకోవాలని. అది ఏ రకం డైనో అన్నదాన్ని బట్టి. మైక్రోస్కోప్ దొరుకుతుందా? పిల్లల బొమ్మ మైక్రోస్కోప్ అయినా 400 రెట్లు పెద్దది చేసి చూపిస్తే చాలు.

నురగఅల:
ఒక ఫ్రెండ్ దగ్గర తెచ్చా. ఒక చుక్క వేసి చూస్తే బాదం గింజ ఆకారంలో గోధుమ రంగు కణాలు, ఒక వైపు కోసుగా. కొస దగ్గర ఎవరో దారంతో కట్టేసినట్టు అక్కడికక్కడే గిరగిరా తిరుగుతున్నాయి. దూరం మాత్రం పోవట్లేదు.

పాతకాపు:
ఆస్ట్రియాప్సిస్. విషం ఎక్కువ ఉన్న రకం, నత్తలు పోయింది అందుకే. అయినా మీకు ఇదే నయం, ఎందుకంటే ఇవి రాత్రి ఇసుక వదిలి నీళ్ళలోకి లేస్తాయి. పొద్దున ఇసుక తెల్లగా కనబడింది అందుకే. నీళ్ళలోకి వచ్చేవాటిని యూవీ (నీళ్ళను అతినీలలోహిత కాంతి గుండా పంపే పరికరం) పట్టేస్తుంది. అదే యాంఫిడీనియం అయితే ఇసుక వదలదు, యూవీ పెట్టినా దండగే, సిలికేట్ దారి వాళ్ళకే.

యూవీ సంప్‌లో కాకుండా నేరుగా ట్యాంక్ నీళ్ళనే లాగి ట్యాంకులోకే వదిలేలా పెట్టండి. 10, 12 లీటర్లకు ఒక వాట్ చొప్పున ఉంటే మంచిది, పంపు మెల్లగా నడవాలి. యాక్టివేటెడ్ కార్బన్ తప్పక పెట్టండి, చచ్చే డైనోలు వదిలే విషాన్ని పట్టడానికి. లైట్ 10 గంటలు ఎక్కువే, 7కి తగ్గించండి, తెల్ల కాంతి కూడా తగ్గించి నీలం ఉంచండి. ఉప్పుకల్లు గారు చెప్పిన బ్లాకౌట్ కూడా చేయొచ్చు, కానీ అదొక్కటే చేస్తే లైట్లు వేసిన వారానికి మళ్ళీ తయారు.

నురగఅల:
అప్‌డేట్. కొన్ని వారాలు పట్టింది. ఫాస్ఫేట్ మొదట్లో ఎంత వేసినా మాయం, తర్వాత మెల్లగా నిలబడింది. ఇప్పుడు నైట్రేట్ 8, ఫాస్ఫేట్ 0.06 దగ్గర ఉన్నాయి. యూవీ పెట్టిన కొద్ది రోజులకే దారాలు పలచబడ్డాయి, మైక్రోస్కోప్‌లో వెతికితే ఒకటీ అరా కనబడుతోంది. గాజు మీద మాత్రం పచ్చ పొర రోజూ వస్తోంది, ఒక రాయి మీద ఊదా రంగు చుక్కలు కూడా మొదలయ్యాయి. నత్తలు మళ్ళీ వేయొచ్చా?

పచ్చపీచు:
ఊదా చుక్కలంటే కోరలైన్, పార్టీ ఇవ్వాలి మీరు! నత్తలు మాత్రం వేసేయండి, ఆ పచ్చ పొర వాటికి తిండి.

పాతకాపు:
ఇంకో రెండు వారాలు చూడండి, స్లైడ్ మీద ఒక్కటీ కనబడనప్పుడు వేయండి. ముందు రెండే వేసి చూడండి, అవి గాజు మీద తిరుగుతూ తింటుంటే మిగతావి. ఆస్ట్రియా నత్తలు ఇసుకలో వెల్లకిలా పడితే మళ్ళీ తిరగలేవు, అందుకే ట్రోకస్ తీసుకోండి, వాటంతట అవే తిరుగుతాయి. సాలినిటీ (నీటి ఉప్పదనం) తేడా నత్తలు తట్టుకోలేవు, డ్రిప్ పెట్టి (ట్యాంక్ నీళ్ళు చుక్కచుక్కగా కలుపుతూ) గంటకు తగ్గకుండా అలవాటు చేయండి. యూవీ అప్పుడే తీయకండి.

నురగఅల:
సరే సార్, యూవీ ఉంచుతా. ట్రోకస్ రెండు చెప్పి పెట్టాను, స్లైడ్ మళ్ళీ ఆదివారం చూస్తా.