డోరో లోయ: పడవలో ఒక్కరోజా, రైలెక్కి ఒక రాత్రి ఉండటమా?

కొత్తబాటసారి

సెప్టెంబరు చివర్లో పోర్చుగల్ వెళ్తున్నాం. నేను, మా ఆవిడ, మా మామగారు. పోర్టోలో నాలుగు రోజులుంటాం, అందులోనే డోరో లోయ (డోరో నది వెంట వైన్ ద్రాక్షతోటల కొండలు) చూడాలి. ఒక పడవ టూరు కనిపించింది. పొద్దున్నే పోర్టోలో ఎక్కితే భోజనం పడవలోనే, మధ్యాహ్నం దాటాక ఎగువన రేగ్వా అనే ఊళ్లో దింపుతారు, అక్కణ్ణుంచి రైల్లో వెనక్కి. నాకు సుఖంగా అనిపించింది. మా ఆవిడేమో రైల్లో పిన్యావ్ ఊరిదాకా వెళ్లి ఒక రాత్రి ఉందామంటోంది. మామగారికి 71 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు, మందు ముట్టరు. "ద్రాక్షతోటలు చూడ్డానికి అంత దూరమా?" అని ఆయన ప్రశ్న. ఇంట్లో ఓట్లు చెరొకటి, ఆయన తటస్థం. మీరేమంటారు?

లెక్కలమాస్టారు

పడవే. ఆలోచించక్కర్లేదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దాయన్ని సామానుతో రైలెక్కించి, దింపి, కొండ మీది బసకు చేర్చడం కన్నా ఒక కుర్చీలో కూర్చోబెట్టి లోయనే ఆయన ముందుకు తేవడం మేలు. పైగా దారిలో 'కరపటెలో' అనే ఆనకట్ట వస్తుంది. పడవ రెండు గోడల మధ్యకు దూరాక వెనక తలుపు మూసుకుంటుంది, నీళ్లు నిండుతుంటే దాంతోపాటే పడవా పైకి లేస్తుంది. 35 మీటర్లు! తడిసిన నల్లటి గోడల మధ్య చీకట్లోంచి వెలుగులోకి వస్తాం. మా నాన్న పర్యటన మొత్తంలో ఇప్పటికీ చెప్పేది అదొక్కటే. రైల్లో అది ఉండదు.

కోతల కాలంలో రాత్రి బస ఖరీదు కూడా చూసుకోండి.

కిటికీసీటు

మాస్టారూ, మీ లెక్కలో ఒక మెలిక ఉంది. ఆ పడవ ఎక్కడిదాకా వెళ్తుందో మ్యాపులో చూశారా? వైన్ సీమ మొదలయ్యేదే రేగ్వాకు కాస్త ముందు, బార్కెయిరోస్ దగ్గర. అందాకా గంటల తరబడి చూసేది పచ్చటి కొండలు, యూకలిప్టస్ చెట్లు, ఒడ్డున ఇళ్లు. బాగానే ఉంటాయి, కాదనను. కానీ ఫొటోల్లో చూసి మనం మనసు పారేసుకున్న మెట్ల కొండలు అవి కావు. ఆ కొండలు మొదలయ్యాయి అనుకునేలోపు దించేసి వెనక్కి పంపుతారు. పెళ్లికని బయల్దేరి పందిరి గుంజ ముట్టుకుని వచ్చేసినట్టు.

మారావ్ పర్వతం వల్ల ఈ తేడా. అట్లాంటిక్ మీంచి వచ్చే మబ్బుల్ని అది అడ్డుకుంటుంది. సముద్రం వైపు వాన, పచ్చదనం. అవతలి వైపు ఎండ, పలకరాయి. ఆ రాయి పొరలు పొరలుగా పగిలి ఉంటుంది, ద్రాక్ష వేళ్లు నీళ్లు వెతుక్కుంటూ ఆ పగుళ్లలోంచి లోతుకు దిగుతాయి. కొండను పగలగొట్టి, ఆ రాళ్లతోనే సున్నం లేకుండా గోడ పేర్చి, వెనకాల ఆ పలకరాయి పొడినే మట్టిగా నింపితే ఒక మెట్టు తయారవుతుంది. పాత మెట్లు కొన్ని ఎంత ఇరుకంటే తీగలు ఒకటి రెండు వరసలే పడతాయి. 2001లో యునెస్కో దీన్ని వారసత్వ జాబితాలో చేర్చింది మనుషులు చేసిన ఆ కొండల్ని చూసే.

జాగ్రత్తగా చూస్తే కొన్ని మెట్లు పాడుబడి, పొదలు మొలిచి కనిపిస్తాయి. 19వ శతాబ్దంలో ఫిలాక్సెరా అనే పురుగు వేళ్లు తినేసి తోటల్ని చంపింది. ఆ దెబ్బకు వదిలేసిన వాటిని మళ్లీ ఎవరూ నాటలేదు. అక్కడివాళ్లు వాటిని మోర్టోరియోలంటారు, చావుకు సంబంధించిన మాటే. నన్ను కదిలించింది పచ్చటి తోటల కన్నా అవే. ఎవరి అభిరుచి వారిది.

రైలైతే పోర్టో నుంచి పిన్యావ్‌కు సుమారు రెండున్నర గంటలు. మొదటి గంట చూడ్డానికేమీ ఉండదు, కునుకు తీయండి. మోస్తెయిరో దాటాక నది పక్కకు వచ్చేస్తుంది, పట్టాలకూ నీళ్లకూ మధ్య కొన్నిచోట్ల నాలుగడుగులే అనిపిస్తుంది. కుడివైపు కూర్చోండి. 65 దాటినవాళ్లకు టికెట్ సగం ధరే, పాస్‌పోర్టు దగ్గర పెట్టుకుంటే చాలు.

లెక్కలమాస్టారు

పందిరి గుంజ మాట బాగుంది, ఒప్పుకుంటా. కానీ ఆ రైల్లో సీటు రిజర్వేషన్ ఉండదన్నది చెప్పలేదు. శనివారం ఎక్కితే కుడివైపు సంగతి దేవుడెరుగు, నిలబడటానికి చోటు దొరికితే గొప్ప. 71 ఏళ్ల మనిషి రెండున్నర గంటలు నిలబడాలా? సరే, దిగారు. ఆ చిన్న ఊళ్లో మందు ముట్టని ఆయన ఏం చేస్తారు?

నీళ్లసీసా

దీనికి నేను జవాబు చెప్పాలి. నేనూ ముట్టను. ఆఫీసు మిత్రులతో వెళ్లి రెండ్రోజులున్నాను.

ముందు నిష్ఠూరం. రోజుకు మూడు కింటాలు పెట్టుకున్నారు మావాళ్లు (కింటా అంటే తోట, ఇల్లు, వైన్ తయారీ అన్నీ కలిసిన ఎస్టేట్). మొదటిదాంట్లో కళ్లు విప్పుకుని విన్నాను. రెండోదాంట్లో అవే పీపాలు. మూడోదాంట్లో బయట మెట్ల మీద కూర్చుని ఫోన్ చూసుకున్నాను. కాబట్టి మామగారితో వెళ్తే ఒక్క కింటా చాలు. పిన్యావ్ స్టేషన్ నుంచి నడిచి వెళ్లగలిగే దూరంలో కింటా దో బోంఫిం ఉంది, కానీ ముందే బుక్ చేసుకోవాలి.

ఆ ఒక్కటి మాత్రం వదులుకోవద్దు. ఆ సీమకు పేరు తెచ్చిన పోర్ట్ అనే వైన్ ఎందుకు తియ్యగా ఉంటుందో నాకు అక్కడే తెలిసింది. ద్రాక్షరసం పులియడం మొదలయ్యాక రెండు మూడు రోజుల్లోనే, చక్కెరంతా ఆల్కహాల్‌గా మారిపోకముందే, 77 శాతం ఘాటున్న ద్రాక్ష సారాయి అందులో కలుపుతారు. పులియబెట్టే ఈస్ట్ అక్కడితో ఆగిపోతుంది, మిగిలిన తీపి అలాగే నిలిచిపోతుంది. అందుకే ఇరవై శాతం దగ్గర ఘాటుంటుంది, తీపీ ఉంటుంది. తాగకపోయినా ఇది బుర్రకెక్కే విషయమే. సెప్టెంబరులో ఆ పులుపు వాసన ఊరంతా ఉంటుంది, దాన్నుంచి మాత్రం తప్పించుకోలేరు!

స్టేషన్ కూడా చూడాల్సిందే. గోడలకు 24 నీలి పింగాణీ పలకల చిత్రాలు, 1937లో పెట్టినవి. కోత, గంపలు, పడవల మీద పీపాలు, అన్నీ ఉంటాయి. మెట్లెక్కక్కర్లేదు, రైలు దిగితే చాలు.

మర్నాడు ఓపికుంటే అదే రైల్లో చివరి స్టేషన్ పొసిన్యో దాకా మరో గంట పోయి రండి. మధ్యలో వలెయిరా వస్తుంది. ఒకప్పుడు అక్కడ బండలు అడ్డుపడి పడవలు ఎగువకు పోయేవే కావు. 18వ శతాబ్దం చివర్లో వాటిని పేల్చి దారి చేశారు. అయినా 1861లో జోసెఫ్ జేమ్స్ ఫారెస్టర్ అనే ఇంగ్లీషు వ్యాపారి, ఆ నదికి పటాలు గీసినాయనే, అక్కడే మునిగిపోయాడు. నడుముకు కట్టుకున్న డబ్బు సంచి బరువుకు మునిగాడని, అదే పడవలో ఉన్న తోటల యజమానురాలు దోనా అంతోనియా గుడారంలా ఉబ్బిన గౌను వల్ల తేలి బతికిందని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. మా గైడు ఇది చెప్తున్నప్పుడు గ్లాసుల వైపు చూసినవాడు ఒక్కడూ లేడు.

మజిలీ

కారు సంగతి ఎవరూ ఎత్తలేదేం? రేగ్వా నుంచి పిన్యావ్ దాకా ఎన్ 222 రోడ్డు, 27 కిలోమీటర్లు, నది పక్కనే. మామగారికి మెట్లు ఉండవు, ఎక్కడ కావాలంటే అక్కడ ఆపుకోవచ్చు. కసాల్ దె లోయివోస్ గుట్ట మీదికి కారు పోతుంది, అక్కణ్ణుంచి కింద నది వంపు మొత్తం కనిపిస్తుంది. రైల్లో వచ్చినవాళ్లు టాక్సీ మాట్లాడుకోవాల్సిందే.

ఒక్క చిక్కు. పోర్చుగల్‌లో డ్రైవింగ్‌కు రక్తంలో ఆల్కహాల్ పరిమితి లీటరుకు 0.5 గ్రాములు. ఆ మలుపుల మీద, పోర్ట్ ఘాటుకు, ఒక్క గ్లాసు కూడా వద్దనే చెప్తాను. మీ ఇంట్లో మందు ముట్టనిది మామగారొక్కరేనా? అయితే డ్రైవర్ దొరికినట్టే :)

ఎండ గురించి కూడా. అక్కడ ఒక సామెత ఉంది, తొమ్మిది నెలలు చలికాలం, మూడు నెలలు నరకం అని. పోర్చుగీసులో ఆ రెండు మాటలకూ ఒక్క అక్షరమే తేడా. జులై, ఆగస్టుల్లో 40 డిగ్రీలు దాటుతుంది. సెప్టెంబరు చివరికి తగ్గుతుంది కానీ మధ్యాహ్నం పూట పెద్దాయన్ని తోటల్లో తిప్పకండి.

కొత్తబాటసారి

మామగారికి 71 అన్నాను, డ్రైవర్ అనలేదు! కోతల కాలంలో ద్రాక్షపళ్లు కాళ్లతో తొక్కించే కార్యక్రమం ఉంటుందట కదా, మా ఆవిడ దాని మీదే పట్టుబడుతోంది. అది నిజమైన పనా, టూరిస్టుల కోసం నాటకమా?

గాయానుంచి

రెండూ. నేను పోర్టోకు ఎదురొడ్డున గాయాలో ఏడేళ్లుగా ఉంటున్నాను.

మంచి పోర్ట్ కోసం ఇప్పటికీ కొన్ని కింటాల్లో గ్రానైట్ తొట్లలో కాళ్లతోనే తొక్కుతారు. గింజ చితికితే చేదు దిగుతుంది, పాదం గింజను చితక్కొట్టదు. మొదట ఒకరి భుజం మీద ఒకరు చేతులేసి వరసగా, సైనికుల్లా గంటల తరబడి అడుగులేస్తారు. ఆ తర్వాతే పాట, ఆట. టూరిస్టులను దించేది ఎక్కువగా ఆ రెండో భాగంలోకి. చాలాచోట్ల ఈ పని యంత్రాలకు పోయింది. మీ ఆవిడకు సరదా అయితే తప్పకుండా దిగమనండి, మోకాళ్ల దాకా వంకాయ రంగు కొన్నాళ్లు వదలదు.

నాకు ఈ చర్చలో వెలితిగా ఉన్నది వేరే. ఆ మెట్ల మీద వేలమంది చిన్న రైతులున్నారు, సగటున ఒక్కొక్కరికి రెండు హెక్టార్ల పైచిలుకు. తన ద్రాక్షలో ఎంత పోర్ట్‌గా మార్చుకోవచ్చో ఏటా అనుమతి ఇస్తారు, బెనెఫీసియో అంటారు. రైతుకు గిట్టుబాటయ్యేది ఆ వాటాయే. మొత్తం సీమకు 2024లో 90,000 పీపాలకు అనుమతిచ్చారు, 2025లో అది 75,000కు పడిపోయింది. పీపా అంటే 550 లీటర్లు. మిగిలిన ద్రాక్ష కొనేవాళ్లు లేక, ఉన్నా ఖర్చులు రాక, రైతులు రేగ్వాలో రోడ్డెక్కారు. అదే కాలంలో నది మీద టూరిస్టు పడవలు పెరుగుతూనే ఉన్నాయి. పడవలో ఎక్కి, పడవలో తిని, పడవలో పడుకుని వెళ్లిపోయే మనిషి వల్ల ఆ ఊళ్లకు ఏం మిగులుతుంది? ఒక రాత్రి ఉంటే ఒక చిన్న ఇంటివాళ్లకు గది అద్దె, ఒక హోటల్‌కు భోజనం డబ్బులు, ఒక చిన్న రైతు దగ్గర రెండు సీసాలు.

1986 దాకా కింటాలు నేరుగా ఎగుమతి చేసుకోవడానికే వీల్లేదు, అంతా మా గాయా గోదాముల మీదుగా పోవాల్సిందే. ఇప్పుడు తోట దగ్గరే సీసా కొనగలుగుతున్నాం. కొనండి మరి.

లెక్కలమాస్టారు

రైతుల మాట కాదనలేను. అయితే పడవలో వంట చేసేవాడు, తాడు లాగేవాడు కూడా అక్కడివాళ్లే కదా. యాత్రికుడి మీద అంత భారం వేయకండి. నేను కరపటెలో దగ్గరే ఉన్నాను, కదలను.

కిటికీసీటు

పడవే కావాలంటే పిన్యావ్ రేవు నుంచి గంట తిప్పే పడవలున్నాయి, పాత రబెలోల రూపంలో. ఒకప్పుడు పీపాలు మోసినవి ఆ రకం పడవలే. మెట్ల కొండల నడిమధ్యలోనే తిరుగుతాయి. 35 మీటర్ల లేపుడు ఉండదు, అదొక్కటే.

కొత్తబాటసారి

మామగారికి అన్నీ చదివి వినిపించాను. రైతులు రోడ్డెక్కారన్న దగ్గర ఆపి మళ్లీ చదవమన్నారు. తర్వాత "డబ్బు సంచి కట్టుకుని మునిగాడా!" అని నవ్వారు. రైలు, పిన్యావ్‌లో ఒక రాత్రి, మంగళవారం. ఒకే కింటా, గంట పడవ. తొక్కుడు మా ఆవిడ వంతు. కసాల్ దె లోయివోస్‌కు టాక్సీ. మాస్టారూ, సారీ.

లెక్కలమాస్టారు

మంగళవారం అన్నారు కాబట్టి క్షమించాను. సీటు దొరుకుతుంది.

కిటికీసీటు

వచ్చేటప్పుడు ఎడమవైపు. మర్నాడు పొసిన్యో దాకా పోతే వలెయిరా దాటగానే ఫెర్రదోజా వంతెన మీద రైలు అవతలి ఒడ్డుకు మారుతుంది, అక్కణ్ణుంచి నది మీకు రెండో వైపు కిటికీలో ఉంటుంది. మామగారిని ముందే లేపి కూర్చోబెట్టండి.