అన్న మివిల్, తమ్ముడు డెషెన్: క్యూబెక్ పూర్వీకుల ఇంటిపేర్ల చిక్కు

మాంట్రియల్ కోడలు: మా వారి అమ్మమ్మకి 88 ఏళ్లు. ఆవిడ ఉండగానే వాళ్ల వంశవృక్షం పూర్తిచేసి చేతిలో పెట్టాలని నా ఆశ. 1762 పెళ్లి రిజిస్టర్‌లో పెళ్లికొడుకు డెషెన్. అతని అన్న సమాధి రికార్డులో మాత్రం మివిల్. తల్లిదండ్రులు ఒకరే. ఏ పేరు ఎక్కించాలి? పెళ్లికూతురేమో జ్ఞానస్నానంలో మారీ-జోసెఫ్‌త్, పెళ్లిలో ఒట్టి జోసెఫ్‌త్. ఇద్దరూ ఒకరేనా?

లోవెల్ నుంచి: మా ఆవిడ వాళ్లు గ్రీన్‌వుడ్‌లు. నాలుగేళ్లు ఇంగ్లండ్ రికార్డులు తిరగేశాను, ఒక్క ముక్క దొరకలేదు. చివరికి ముత్తాత ప్రార్థన పుస్తకం అట్ట లోపల పెన్సిల్‌తో బ్వావేర్ అని కనిపించింది. ఫ్రెంచ్‌లో పచ్చని అడవి అని అర్థం. క్యూబెక్ నుంచి మసాచుసెట్స్ మిల్లుల్లో పనికొచ్చి పేరు మార్చుకున్నారు. లెబ్లాన్‌లు వైట్‌లయినట్టే.

రిజిస్టర్ రావు: పదిహేనేళ్లుగా ఈ పనే చేస్తున్నా. ఇది డిట్ పేరు. ఫ్రెంచ్‌లో డిట్ అంటే అనబడే అని, అంటే సైన్యంలో పెట్టే మారుపేరు. 1665లో ఫ్రాన్స్ నుంచి క్యూబెక్‌కి కారిన్యాన్-సాలియేర్ అనే సైనిక రెజిమెంట్ వచ్చింది, సుమారు 1,200 మంది. 400 మంది దాకా అక్కడే ఉండిపోయారు. మీ మూలపురుషుడు సిపాయి. ఇక వెతకక్కర్లేదు.

పద్మ, క్యూబెక్ సిటీ: కాదండీ. ఆ వంశానికి ఆద్యుడు పియేర్ మివిల్ వడ్రంగి, స్విట్జర్లాండ్ వాడు. రెజిమెంట్ దిగకముందే ఇక్కడ కాపురం పెట్టాడు. ఆయన్ని స్విస్సువాడు అన్నారు, కొడుకు జాక్‌ని డెషెన్ అన్నారు. ఒకే ఇంట్లో తండ్రికొకటి, కొడుకొకటి. ఇందులో సైన్యం ఎక్కడుంది?

రిజిస్టర్ రావు: ఒక్క కుటుంబాన్ని చూపించి రూలే తప్పంటే ఎలా? ఎక్కువ పేర్లు సిపాయిలవే.

పద్మ, క్యూబెక్ సిటీ: ఎక్కువ అనండి, ఒప్పుకుంటా. మీరు వెతకక్కర్లేదన్నారు. ఆవిడ ఆ మాట నమ్మి సైనిక జాబితాల్లో ఏడాది పోగొట్టుకుంటే ఎవరిది బాధ్యత? నేనలాగే పోగొట్టుకున్నా. పదిహేనేళ్లు కాదు, కాగితం చూపించండి.

ఒటావా సుబ్బు: అసలది డిట్ కాదు, డి. చివరి ట పలకరు. ఆడవాళ్లకైతే డీట్.

రిజిస్టర్ రావు: ఉచ్చారణ పాఠాలు ఎవరడిగారు?

లావల్ సుధ: పోట్లాట ఆపండి బాబూ. నన్ను ఒడ్డున పడేసింది ఆడవాళ్ల పేర్లు. పెళ్లయినా రిజిస్టర్‌లో పుట్టింటి పేరే రాస్తారు, సమాధి దాకా అదే. క్యూబెక్‌లో 1981 నుంచి చట్టం కూడా అదే చెబుతోంది. పెళ్లి రికార్డులో ఇరువైపుల తల్లిదండ్రుల పేర్లుంటాయి, కాబట్టి ఒక్కో పెళ్లి పట్టుకుని వెనక్కి నడిచాను. అత్తింటి వైపు పదకొండు తరాలు వచ్చాయి. మా అమ్మమ్మ పుట్టింటి ఇంటిపేరు మాత్రం మా ఇంట్లో ఒక్కరికీ గుర్తులేదు. ఆ రోజు చాలా ఏడ్చాను.

ఒటావా సుబ్బు: ఒక హెచ్చరిక. బిడ్డ పోతే తర్వాత పుట్టినవాళ్లకి అదే పేరు పెట్టేవారు. నేను ఇద్దరు మారీలని ఒకరిగా కలిపేశా. ఆ తప్పు ట్రీ ఇప్పుడు ఎంతమంది దగ్గరుందో! సమాధి రికార్డు చూడందే ఎక్కించకండి.

పద్మ, క్యూబెక్ సిటీ: కోడలు గారూ, మివిల్ డి డెషెన్ అని పూర్తిగా రాయండి. తాంగే కూర్చిన వంశావళి నిఘంటువు ఏడో సంపుటంలో ఇలాంటి జంట పేర్ల జాబితా ఉంది. మారీ చాలామంది ఆడపిల్లలకి ముందు తగిలించే పేరే. ఇంట్లో పిలిచేది రెండోది.

మాంట్రియల్ కోడలు: జ్ఞానస్నానం రికార్డు స్కాన్ పెద్దది చేసి చూశాను. జ్ఞానతల్లి పేరూ జోసెఫ్‌త్. తండ్రి పేరు పెళ్లి రికార్డుతో సరిపోయింది. కింద చర్చి ఫాదర్ రాసింది, బిడ్డ తండ్రి తనకి సంతకం రాదన్నాడట. ఫోన్‌లో చదివి వినిపిస్తే అమ్మమ్మ, మా తాతా క్రాస్ గుర్తే పెట్టేవాడు అంది.

లోవెల్ నుంచి: నా బ్వావేర్‌ల సంగతి ఎవరూ చెప్పలేదు. ఆ అట్ట మీద ఊరి పేరు సగం చెరిగిపోయి సెయింట్ దాకే ఉంది. పాత చేతిరాత చదవగలిగినవాళ్లుంటే ఫోటో పెడతాను.