ఆరేళ్ల పిల్లకి గోల్ఫ్ అవసరమా? నెల్లూరోళ్లు చెప్పండి

మాగుంట లేఅవుట్ నాన్న:
మా పాపకి ఆరేళ్లు. టీవీలో చూసి గోల్ఫ్ నేర్పించమంటోంది. ప్రతి ఆదివారం చెన్నై తీసుకెళ్దామని నేను, పిచ్చా మీకు అని మా ఆవిడ. మన గోల్ఫర్ అదితి అశోక్ బెంగళూరులో ఐదేళ్లకే మొదలుపెట్టింది. టోక్యో ఒలింపిక్స్‌లో ఒక్క షాట్ తేడాతో కాంస్యం పోయి నాలుగో స్థానంలో నిలిచింది. అక్కడ ఆమె గోల్ఫ్ కర్రల బ్యాగు మోసింది వాళ్లమ్మే. మేం ఇప్పటికే ఆలస్యం చేశామేమోనని టెన్షన్.

వేదాయపాళెం అమ్మ:
అన్నా, ఆ అమ్మాయికి ఊళ్లోనే గోల్ఫ్ కోర్సు, అంటే ఆడే మైదానం, ఉంది. మీకు పోను 175 కిలోమీటర్లు, రాను 175. చీకటితోనే లేపి కారెక్కిస్తే పాప సూళ్లూరుపేట దాటకముందే వాంతి చేసుకుంటుంది. మా వాణ్ణి ఇట్టాగే క్రికెట్ కోచింగ్‌కి తిప్పాం. ఏడాదికల్లా బ్యాటు పేరెత్తితే ఏడుపు.

పెన్నా గట్టు:
డబ్బున్నోళ్ల ఆట. 18 గుంతల కోర్సుకి వంద ఎకరాలకు పైమాటే. కబడ్డీకి పంపండి, ఖర్చు లేదు.

ఒంగోలు పీఈటీ (రిటైర్డ్):
పాప ఎకరాలు అడగలేదు కదండీ, ఆట అడిగింది. చిన్నప్పుడు మనమంతా గోళీని గుంతలోకి దొర్లించినోళ్లమే. పట్టింగ్‌కి, అంటే బంతిని మెల్లగా గుంతలోకి దొర్లించడానికి, కావాల్సింది కూడా ఆ చూపే. డాబా మీద పాత చాప పరిచి, స్టీలు గ్లాసు పడుకోబెట్టండి. అసలు గుంత వెడల్పు 108 మిల్లీమీటర్లు, గ్లాసు మూతి అంతకన్నా చిన్నది. ఇందులో వేస్తే అందులో పడుతుంది.

ఒక్క తప్పు మాత్రం చేయొద్దు. పెద్దవాళ్ల క్లబ్బు (గోల్ఫ్ కర్ర) కోసి పిల్లకివ్వొద్దు. కోస్తే పొట్టిదవుతుందే గానీ బంతిని కొట్టే కొస బరువు తగ్గదు, కడ్డీ వంగకుండా ఇంకా బిగుసుకుపోతుంది. పిల్ల వెనక్కి వాలి ఊపుతుంది, ఆ అలవాటు మాన్పించడం మహా కష్టం. పిల్లల సైజువే కొనండి, బంతి ప్లాస్టిక్‌ది చాలు. ఒకరు ఊపుతుంటే ఇంకొకరు వెనక నిలబడకూడదు. దెబ్బలు ఎక్కువగా తలకే తగులుతాయి.

వేదాయపాళెం అమ్మ:
డాబా ఆటకి నేనూ సరే. ఐదేళ్లకే మొదలెట్టాలనేదే ఒప్పుకోను. కొరియా వై.ఇ. యాంగ్ పందొమ్మిదేళ్లకి క్లబ్బు పట్టి, 2009లో పీజీఏ చాంపియన్‌షిప్ అనే పెద్ద గోల్ఫ్ పోటీలో టైగర్ వుడ్స్‌నే ఓడించాడు.

పెన్నా గట్టు:
యాంగ్ ఒక్కడే, అదితీ ఒక్కతే. మన పిల్లలు వేలమంది. ఏ లెక్క చూసి చెన్నై పోవాలి?

మాగుంట లేఅవుట్ నాన్న:
చెన్నై దసరా సెలవుల దాకా వాయిదా, అదీ పాప అడిగితేనే. నిన్న సాయంత్రం గ్లాసు పెట్టాం. ఐదుకి పాప మూడు వేసింది, వాళ్ల తాత ఒకటి. గ్లాసు మూతి మరీ ఇరుకని గొడవపెట్టి, ఈరోజు వంటింట్లోంచి పెద్ద చెంబు ఎత్తుకొచ్చాడాయన.