సెల్ఫ్ కొడుతోంది కానీ బండి స్టార్ట్ కావడం లేదు, సాయం చేయండి

మిర్యాలగూడ కుర్రాడు:
పొద్దున ఎనిమిది నుంచి బండి దగ్గరే ఉన్నాను, అన్నం కూడా తినలేదు. కొత్త బ్యాటరీ పెట్టాను. సెల్ఫ్ బాగా కొడుతోంది, ఇంజను మాత్రం అందుకోవడం లేదు. నాలుగేళ్లుగా రైస్ మిల్లు షెడ్డులో నిలిచిపోయిన వ్యాగన్ కారు ఇది. ఊక దుమ్ము తుడిస్తే తప్ప రంగు కూడా తెలియలేదు. ఆదివారంలోగా స్టార్ట్ చేసి చూపిస్తే నాన్న మాట్లాడిన ధరకు ఇస్తామని మిల్లు వాళ్లు అన్నారు, లేకపోతే పాత ఇనుము కింద అమ్మేస్తారట. ఏడో తరగతి నుంచి ఇలాంటి బండి కోసం కలలు కంటున్నాను. తెలిసినవాళ్లు వెంటనే చెప్పండి.

డీజిల్ పంపు మేస్త్రీ:
ఏ బండి? డీజిలా, పెట్రోలా?

మిర్యాలగూడ కుర్రాడు:
టాటా ఎస్టేట్ అన్నా, 1996ది. డీజిలే.

నల్లగొండ మాస్టారు:
బాబూ, నీ వయసెంత? లైసెన్సుకు 18 నిండాలి. మైనరు బండి నడిపి పట్టుబడితే మోటారు వాహనాల చట్టం 2019 సవరణ ప్రకారం తండ్రికి లేదా యజమానికి 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు. బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దవుతుంది. నీకు 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. 1996 బండికి 15 ఏళ్ల రిజిస్ట్రేషన్ గడువు ఎప్పుడో తీరింది. ఫారం 25తో రెన్యువల్ చేయించాలి, అదీ ఐదేళ్లకోసారి. ఇంజను సంగతి తర్వాత, ముందు ఆర్‌సీ చూడు.

మిర్యాలగూడ కుర్రాడు:
17 సార్. నడిపేది నాన్నే. వింటేజ్ బండి కదా, దానికి వేరే రూలు ఉంటుందన్నారు.

పాలమూరు పాత కార్లు:
వింటేజ్ అనకండి, దయచేసి. 2021 మోటారు వాహన నిబంధనల్లో వింటేజ్ అంటే మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన బండి. దాన్ని రోజూ రోడ్డు మీద తిప్పకూడదు కూడా. నీది క్లాసిక్. 1992లో వచ్చిన ఎస్టేట్ అంటే మామూలు విషయం కాదు తమ్ముడూ. 1948 సీసీ డీజిలు ఇంజను, వెనక చక్రాల డ్రైవు. ఏడాది ముందు వచ్చిన టాటా సియెరా కూడా ఈ కుటుంబమే, విడిభాగాలు వెతికేటప్పుడు గుర్తుంచుకో. ఇనుము కింద పోనివ్వకు.

హుజూర్‌నగర్ వాసి:
ఎస్టేట్ వేరు, వ్యాగన్ వేరు కదా? మా వైపు దీన్ని వ్యాను అనేవాళ్లం.

పాలమూరు పాత కార్లు:
రెండూ ఒకటే. ఇంగ్లండులో ఎస్టేట్, అమెరికాలో స్టేషన్ వ్యాగన్. రైలు దిగినవాళ్లను సామానుతో సహా స్టేషను నుంచి ఇళ్లకు చేర్చే బండి కాబట్టి ఆ పేరు. వ్యాను పూర్తిగా వేరు.

హుజూర్‌నగర్ వాసి:
పెళ్లివారంతా అందులోనే వెళ్లేవాళ్లు. మాకు అది వ్యానే.

డీజిల్ పంపు మేస్త్రీ:
పేర్లు తర్వాత. సెల్ఫ్ కొడుతుంటే సైలెన్సరులో పొగ వస్తోందా?

మిర్యాలగూడ కుర్రాడు:
అసలు లేదు అన్నా.

డీజిల్ పంపు మేస్త్రీ:
అయితే డీజిలు లోపలికి చేరడం లేదు. తెల్ల పొగ వచ్చి ఉంటే ఇంజను లోపల వేడి పుట్టించే హీటర్ ప్లగ్గులు చూడమనేవాణ్ని. ఈ మధ్య ఏం విప్పావు?

మిర్యాలగూడ కుర్రాడు:
నిన్న ట్యాంకు దించి కడిగాను, ఫిల్టరు మార్చాను. అది మామూలే కదా అని రాయలేదు.

డీజిల్ పంపు మేస్త్రీ:
రాయాల్సింది అదే. లైనులో గాలి పట్టింది. ట్యాంకులో కనీసం పది లీటర్ల డీజిలు నింపు. ఫిల్టరు మీది గాలి స్క్రూ వదులు చేసి, ప్రైమర్ పంపును చేత్తో కొట్టు. మొదట నురగ వస్తుంది. బుడగ లేకుండా డీజిలు ధారగా వచ్చాక, ధార కారుతుండగానే స్క్రూ బిగించు. అప్పటికీ అందుకోకపోతే ఇంజెక్టరు పైపుల నట్లు అర చుట్టు వదిలి సెల్ఫ్ కొట్టించు. డీజిలు చిమ్మిన నట్టును ఒక్కొక్కటిగా బిగించుకుంటూ పో. ముఖం, చేతులు దూరంగా ఉంచు. సెల్ఫ్ ఒక్కసారికి పది సెకన్లు మించవద్దు, మధ్యలో నిమిషం ఆగు. లేకపోతే అది కాలిపోతుంది.

నల్లగొండ మాస్టారు:
చాసిస్ నంబరు ఆర్‌సీతో సరిపోయిందా? బండి పేరు మార్పిడికి కావలసిన ఫారం 29, 30 మీద అమ్మేవారి సంతకాలు ముందే తీసుకోండి.

హుజూర్‌నగర్ వాసి:
ఇంత కష్టం దేనికి, ఓ సెకండ్ హ్యాండ్ జీపు కొనుక్కోవచ్చుగా?

మిర్యాలగూడ కుర్రాడు:
అమ్మమ్మకు మోకాళ్లు వంగవు అన్నా, జీపు ఎక్కలేదు. దీని వెనక సీటు మడిస్తే పరుపు వేయవచ్చు. టేపు పెట్టి కొలిచాను. యాదగిరిగుట్టకు పడుకోబెట్టి తీసుకువెళ్తాను.

(మర్నాడు)

మిర్యాలగూడ కుర్రాడు:
మూడో నట్టు బిగిస్తుండగా అందుకుంది. థాంక్స్ మేస్త్రీ అన్నా. మిల్లు గేటు దాకా నాన్న నడిపారు.

నల్లగొండ మాస్టారు:
సంతోషం బాబూ. ఆర్‌సీ ఎవరి పేరు మీద ఉంది?